పది మాత్రల పొట్లం

మనిషి మొహం గుండ్రంగా నిండితే మా వైపు అందరూ సంతోషిస్తారు. "ఒళ్ళు పట్టినావే, బాగుండావే" అని బుగ్గ గిల్లినంత పని చేస్తారు. నేనూ సంతోషించినవాణ్ణే. ఒక రైతు బుగ్గలు నా కళ్ళముందే ఏడాదికేడాది నిండుతుంటే అదంతా నా చేతి చలవేనని లోలోపల మురిసిపోయాను. ఫార్మసీ చదివి ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు కనుక వాయిదా వేస్తూ వచ్చాను. ఇక వాయిదా వేసే వయసు కాదు.

అవి ఎనభైల తొలి సంవత్సరాలు. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, కడత్తూరుకు కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. నేను అక్కడ ఫార్మసిస్టును. జనం మాత్రం కాంపౌండర్ అనే పిలిచేవారు, కొందరు మొహమాటం లేకుండా డాక్టర్ అనేవారు. ఆ పిలుపును నేను ఏనాడూ సరిదిద్దలేదు. మందుల కిటికీ వెనకాల నిలబడితే బయట వరుసలో ఉన్నవాళ్ళందరికీ నా చేయి మాత్రమే కనబడేది. ఆ చేతికి ఎంత మర్యాద ఉండేదో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఆస్పత్రిలో అందరం తమిళమే మాట్లాడేవాళ్ళం. ఇంటికెళ్తే తెలుగు. మా ఊరి చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు ఓ ఇరవై దాకా ఉండేవి, అందరూ సేద్యగాళ్ళు. తాతముత్తాతల కాలం నుంచి అక్కడే ఉన్నవాళ్ళు. వాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ మా నాయన పలక మీద దిద్దించబట్టి. ఈ ఇళ్ళవాళ్ళకు కిటికీ ముందు వరుసలో నిలబడే అవసరం ఉండేది కాదు. సాయంత్రం మా ఇంటి పెరటివైపు వచ్చి "అన్నా" అంటే చాలు. చీటీ లేదు, డాక్టర్ లేదు. మనవాళ్ళు కదా. మనవాళ్ళకు ఆ మాత్రం చెయ్యకపోతే ఇక ఈ ఉద్యోగం ఎందుకు అనేది నా లెక్క.

ఆ రైతు అలా వచ్చినవాడే. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. రెండెకరాల మెట్ట, ఒక బావి, కొన్ని చింతచెట్లు. చలికాలం వస్తే ఆయాసంతో మంచం మీద కూర్చునే తెల్లవార్లూ గడిపేవాడు. ఒకసారి మరీ ముదిరితే అప్పటి డాక్టర్ ఒక చిన్న తెల్ల మాత్ర పది రోజులకు రాసిచ్చాడు. స్టెరాయిడ్ మాత్ర. మూడో రోజుకే మనిషి లేచి ఏతం తొక్కాడు. పదో రోజు సాయంత్రం మా పెరట్లో నిలబడి, "అన్నా, ఇంగొక పది ఇయ్యి. ఇది మాత్తిర కాదు, అమృతం" అన్నాడు.

ఇచ్చాను. తరువాత ఇంకో పది. పాత కాగితం చించి మడిచి పొట్లం కట్టి ఇవ్వడం నాకు అలవాటైపోయింది, తీసుకోవడం అతనికి అలవాటైపోయింది. ఇలా ఆరేళ్ళు. ఆయాసం పోయింది, ఆకలి పెరిగింది, మొహం నిండింది. అతన్ని చూసి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు కూడా వచ్చారు. మోకాళ్ళ నొప్పికి ఒకరు, ఒంటి మీద దద్దుర్లకు ఒకరు. అందరికీ అదే మాత్ర, అందరికీ గుణం. ఆ మాత్రను అంతకాలం మింగితే ఏమవుతుందో నాకు తెలియదని చెప్పను. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పుస్తకంలో ఉన్నది ఎవరో మనుషులకు జరిగేదని, మా ఊళ్ళో కళకళలాడే బుగ్గలున్న మనిషికి కాదని ఎందుకో గట్టి నమ్మకం.

ఆరో ఏడు అతను కుంటడం మొదలుపెట్టాడు. మొదట మోకాలు నొప్పి అన్నాడు. నేను పూత మందు ఇచ్చాను. తరువాత గజ్జలో నొప్పి అన్నాడు. ఇంకో పూత మందు ఇచ్చాను. మడవలో నీళ్ళు మళ్ళించడానికి కాలు ఎత్తలేక పక్కకు ఈడుస్తున్నాడని అతని భార్య వచ్చి ఏడిస్తే, అప్పుడు మాత్రం ఆస్పత్రికి తీసుకురమ్మన్నాను.

అప్పటికి మాకు కొత్త డాక్టరమ్మ వచ్చి ఉంది. చిన్న వయసు, గొంతు మెల్లగా ఉన్నా చూపు గట్టిది. ఎక్స్‌రే తీయించుకు రమ్మని, వచ్చాక దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుని చాలాసేపు చూసింది. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగం ఒకవైపు నలిగి కుంగిపోయి ఉంది. రక్తం అందక ఎముక లోపల్లోపలే చచ్చిపోతే అలా అవుతుందని చెప్పింది.

"ముప్పై ఎనిమిదేళ్ళకే ఇలాగా? తాగుతావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడావా, చాలా రోజులు?"

అతను నా వైపు చూడను కూడా చూడలేదు. "ఏ మాత్తిరా లేదమ్మా" అన్నాడు తడుముకోకుండా. నా ఉద్యోగాన్ని కాపాడుతున్నాడు. ఎముక చచ్చిపోవడానికీ తాను మింగిన మాత్రకూ సంబంధం ఉందని అతనికి తెలియదు. అన్నను పట్టివ్వకూడదు, అంతే. డాక్టరమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నేను బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే నేను మీకు చెప్పాల్సిన కథే ఉండేది కాదు.

ధర్మపురిలో ఒక నర్సింగ్ హోముకు పదిహేను రోజులకోసారి బెంగళూరు నుంచి ఎముకల సర్జన్ వచ్చేవాడు. ఆయన అప్పట్లో కొత్తగా నేర్చుకొచ్చిన ఆపరేషన్ చేస్తానన్నాడు. ఎముక తలను కోసి పారెయ్యకుండా, చచ్చిన భాగాన్ని గీకేసి, దాని మీద లోహపు టోపీ ఒకటి తొడిగి, అది కూర్చునే గుంటలో ప్లాస్టిక్ గిన్నె అమర్చి, రెండింటినీ ఒక రకం సిమెంటుతో అతికించడం. చిన్న వయసువాడు కనుక ఎంత ఎముక మిగిలితే అంత మంచిదని ఆయన ఆలోచన. ఆ కాలపు టోపీలు ఎక్కువ కాలం నిలవలేదు. ఇతనిది కూడా ఎనిమిదేళ్ళకు వదులైంది, మళ్ళీ కోసి వేరే కీలు పెట్టాల్సి వచ్చింది. కానీ ఆ ఎనిమిదేళ్ళూ సొంత కాళ్ళ మీద సేద్యం చేశాడు.

ఆపరేషన్ రోజు ఖాయమైనప్పటి నుంచి నేను మాత్ర ఇవ్వడం మానేశాను. ఒక్కసారిగా మానేశాను. భయం వేసి చేసిన పని అది, అదీ తప్పుడు పనే. ఇరవై రోజుల్లో అతను నీరసపడిపోయాడు. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయనేవాడు, తిన్నది కక్కేవాడు. ఆపరేషన్ అంటే భయం పట్టుకుందని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పారు. నేనూ చెప్పాను.

తమిళుల మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, ఒక శుక్రవారం ఆపరేషన్. అంతకు ముందురోజే భార్యాభర్తలు ధర్మపురి వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దున నేను కిటికీ తెరిచాను. ఒకరి దగ్గు మందు ఇంకొకరికి ఇవ్వబోయాను. చివరికి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను. "మేడం, స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి వాడి మానేసినవాళ్ళకు ఆపరేషన్ చేస్తే ఏమైనా అవుతుందా?"

ఆమె కాగితాల మీద సంతకాలు పెడుతూనే చెప్పింది. "మాత్ర బయటి నుంచి వస్తుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి పడుకుంటుంది కదా. ఆపరేషన్ దెబ్బకు అది లేవలేదు. టేబుల్ మీదే బీపీ పడిపోతుంది, ఏం చేసినా ఎక్కదు. మత్తు ఇచ్చే డాక్టర్‌కు ముందే తెలిస్తే ఒక ఇంజెక్షన్‌తో కాచుకుంటాడు. తెలియకపోతే మనిషి పోతాడు." అప్పుడు పెన్ను ఆపి తలెత్తింది. "ఎవరి సంగతి?"

నేను చెప్పకపోయినా ఆమెకు అర్థమైపోయింది. మొహం తెల్లబోయింది. "ఎన్నింటికి ఆపరేషన్?" అంది.

"పదకొండుకు."

"ఇంకా ఇక్కడ నిలబడ్డారేం?"

తొమ్మిది దాటింది. పోస్టాఫీసుకు పరుగెత్తాను. అక్కడి ఫోను రెండు రోజులుగా మూగబోయి ఉంది. రోడ్డు మీదికొచ్చి దొరికిన బస్సెక్కాను. చింతపండు కాలం. ప్రతి ఊళ్ళోనూ బస్సు ఆగడం, పైకి మూటలు ఎక్కించడం, మూటలవాడు కండక్టర్‌తో వాదించడం. నేను గడియారం చూసుకోవడం, మళ్ళీ చూసుకోవడం. ఈపాటికి మత్తు డాక్టరే అడిగి తెలుసుకుని ఉంటాడులే అనుకుంటాను. మళ్ళీ, నన్ను కాపాడాలని ఇతను అక్కడ కూడా లేదనే అంటాడని గుర్తొస్తుంది.

ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. దాన్ని దాచితే ఇది రాయడమే దండగ. నేను వెళ్ళి చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వెళ్ళకపోతే, ఏదైనా జరిగితే, అది ఆపరేషన్ ఖాతాలోకి పోతుంది. నా పేరు ఎక్కడా రాదు. దారిలో ఒక ఊళ్ళో బస్సు టీకోసం ఆగింది. అందరితో పాటు నేనూ దిగాను. డ్రైవర్ వచ్చి కూర్చుని హారన్ కొట్టాడు, అందరూ ఎక్కారు. నేను టీ కొట్టు ముందు అలాగే నిలబడిపోయాను. బస్సు కదిలింది. "సార్, ఏరుంగ సార్!" అని ఎక్కమంటూ కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నుంచి కేకేశాడు. ఆ కేకకు కాళ్ళు వాటంతట అవే పరుగెత్తి ఎక్కేశాయి. నేను మంచివాణ్ణి కనుక వెళ్ళానని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక కండక్టర్ టికెట్ కొన్న మనిషిని వదిలిపెట్టలేదు, అంతే.

నర్సింగ్ హోము చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు. అతని భార్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, "వచ్చినావా అన్నా! ఇప్పుడే లోపలికి తీసుకుపోయినారు. నువ్వుంటే మాకు ధైర్యం" అంది. ఆమెను దాటుకుని వెళ్ళి థియేటర్ తలుపు రెండు చేతులతో బాదాను.

మత్తు డాక్టర్ బయటికొచ్చాడు, మూతికి గుడ్డ కట్టుకుని. "సార్, అతనికి ఆరేళ్ళుగా రోజూ స్టెరాయిడ్ ఇచ్చారు. ఇరవై రోజుల కింద ఆపేశారు" అన్నాను.

"లేదన్నాడే! రెండుసార్లు అడిగాను."

"అబద్ధం చెప్పాడు సార్."

"నీకెలా తెలుసు? ఎవరిచ్చారు?"

"నేనే."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. తిట్టలేదు. వెనక్కి తిరిగి లోపలికి కేకవేశాడు, "మత్తు పెట్టొద్దు, ఆపండి!" అని. మళ్ళీ నా వైపు తిరిగి, ఆ లోటు పూడ్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తమ దగ్గర ఒక్కటే ఉందని, ఇంకో ఆరు కావాలని చెప్పాడు. బస్టాండ్ వైపు పరుగెత్తాను. మొదటి మందుల షాపులో లేదు. రెండోదాంట్లో రెండు దొరికాయి. మూడోదాంట్లో యజమాని పూజ చేసుకుంటున్నాడు. హారతి అయ్యేదాకా ఆగమని చేత్తో సైగ చేశాడు. జీవితంలో దేవుడి హారతిని అంత పళ్ళు కొరుకుతూ చూసింది ఆ ఒక్కసారే. అక్కడ నాలుగు దొరికాయి.

ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించి, బీపీ నిలకడగా ఉందని నమ్మకం కుదిరాక మూడు గంటలకు ఆపరేషన్ మొదలుపెట్టారు. మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో ఒక నర్సు ఇంకో సెలైన్ సీసా కోసం పరుగెత్తింది. అతని భార్య నా మొహం చూసింది, ఏమైందన్నట్టు. నేను ఏమీ లేదన్నట్టు తలూపాను. ఏమీ లేదో ఏదో ఉందో నాకేం తెలుసు!

సాయంత్రం సర్జన్ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. మంగుళూరు వైపాయన, తమిళం నాలుగు ముక్కలే వచ్చు. ట్రేలో గీకి తీసిన ఎముక తుంపులు పెట్టి ఉన్నాయి. పసుపు పచ్చగా, పాతబడిన బెల్లంలా పొడిపొడిగా ఉన్నాయి. "ముట్టుకుని చూడు" అన్నాడు ఇంగ్లీషులో. ముట్టుకున్నాను. వేళ్ళ మధ్య రాలిపోయింది. మధ్యలో బీపీ రెండుసార్లు పడిందని, నేను రాకుండా ఉంటే లేచేది కాదని చెప్పాడు. తరువాత అతని భార్యనూ, సాయంత్రానికి వచ్చి చేరిన చుట్టాలనూ పిలిపించి, తాను చెప్పేది తెలుగులో చెప్పమన్నాడు.

చెప్పాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఆరు వారాలు కాలు మోపకూడదు. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. అన్నీ మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆఖరున ఆయన అన్నాడు, "డాక్టర్‌ను అడగకుండా మింగిన ఆ మాత్రలే ఎముకను చంపాయని వాళ్ళకు చెప్పు." నేను అతని భార్య వైపు తిరిగాను. "ఇంక డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా తినగూడదంట" అన్నాను. సర్జన్ తృప్తిగా తలాడించాడు.

ఆ రోజు నుంచి నేను వాళ్ళకు దేవుణ్ణయ్యాను. అన్న పరుగెత్తుకొచ్చి ప్రాణం నిలబెట్టాడని ఊరంతా చెప్పారు. అతని భార్య మా ఇంటికి టెంకాయా పూలూ తెచ్చి నా భార్యకు బొట్టు పెట్టి వెళ్ళింది. నేను లోపలి గదిలో ఉండిపోయాను, బయటికి రావడానికి మొహం చెల్లలేదు.

డాక్టరమ్మ నా చేతనే జరిగినదంతా రాయించి జిల్లా ఆఫీసుకు పంపింది. సస్పెండ్ చేస్తారనుకున్నాను. ఇంక్రిమెంటు ఆపి హరూరుకు బదిలీ చేశారు, అదీ నాలుగు నెలల తరువాత. సర్కారు కోపం ఎప్పుడూ తీరిగ్గానే వస్తుంది. అతనికి ఆపరేషన్ తరువాత మళ్ళీ మొదలుపెట్టిన ఆ మాత్రను ఒక్కసారిగా మానిపించకూడదని ఆమే చీటీ రాసి వారం వారం తగ్గిస్తూ వచ్చింది. "అతనికి అసలు సంగతి చెప్పారు కదా?" అని నన్ను అడిగింది. "చెప్పాను మేడం" అన్నాను. ఇది మూడో అబద్ధం. మొదటి రెండింటికైనా, బీరువా వెతుకుతున్నట్టు నటించినదానికీ సర్జన్ మాట మార్చి చెప్పినదానికీ, భయం అనే సాకు ఉంది. దీనికి అది కూడా లేదు. టెంకాయ తీసుకున్నాక చెప్పడం కష్టం, అంతే.

మూడు నెలల తరువాత ఒక సాయంత్రం అతను చేతికర్రతో మా పెరటివైపు వచ్చాడు. పక్కన వాళ్ళక్క. మనిషి చక్కగా నడుస్తున్నాడు. చూస్తే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"అన్నా, మా అక్కకు కూడా నా మాదిరే ఆయాసం. రాత్రంతా కూర్చోనే ఉండాది. మన మాత్తిర ఒక పది ఇయ్యన్నా."

మన మాత్ర అన్నాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, నేను డాక్టర్‌నన్నట్టు చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె ఊపిరి ఈలవేస్తున్నట్టు నాకు వినబడుతోంది.

అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆరేళ్ళూ ఆ మాత్రే ఎముకను తినేసిందని చెప్పాను. నాకు తెలిసే ఇచ్చానని చెప్పాను. టేబుల్ మీద అతని ప్రాణం పోబోయింది కూడా దానివల్లేనని, సర్జన్ చెప్పమన్న మాటను నేను మింగేశానని చెప్పాను. అతను కర్ర పట్టుకున్న చేతివైపే చూస్తూ విన్నాడు.

"తెలిసే ఇచ్చినావా?" అన్నాడు.

"అవును."

"నేను డాక్టర్ల కాడ నీ కోసరం అబద్ధం చెప్తా వుంటే, నువ్వు పక్కన నిలబడుకోని వింటా వుండినావు."

వాళ్ళక్క మెల్లగా, "రా, పోదాము" అని అతని భుజం పట్టుకుంది. అతను లేవలేదు. తలెత్తి అడిగాడు.

"ఇంకెవరెవరికి ఇస్తా వుండావు?"

నేను ఊహించిన ప్రశ్న కాదు అది. తిడతాడనుకున్నాను, కర్ర ఎత్తుతాడనుకున్నాను. నాలుగిళ్ళు చెప్పాను. ఇప్పుడు నేనివ్వడం లేదని, కొందరు బయట కొనుక్కుంటున్నారని కూడా చెప్పాను.

"రేపు పొద్దున పోదాము. నువ్వు ఒక్కడివే చెప్తే నమ్మరు. కాంపౌండర్ మాత్తిర దాచిపెట్టుకోని నాటకం ఆడతా వుండాడు అంటారు. నేను వస్తా." లేచి నిలబడి కర్ర సరిచేసుకున్నాడు. "నీ మీద కోపం పోయిందనుకోవద్దు. అది పోదు."

వాళ్ళక్కను మరునాడు డాక్టరమ్మ దగ్గరికి వరుసలో రమ్మన్నాను. ఆమె సరేనంది.

తెల్లారాక అతనే వచ్చాడు. గట్ల మీద నాకన్నా నాలుగడుగులు ముందు నడిచాడు. మొదటి ఇల్లు మోకాళ్ళ నొప్పి పెద్దాయనది. మమ్మల్ని చూసి ఆయన కోడలు మజ్జిగ తెస్తానని లోపలికి పోబోయింది. అతను వద్దన్నాడు. నడివాకిట్లో నిలబడి, పంచె పక్కకు తొలగించి, తుంటి నుంచి తొడ దాకా ఉన్న కుట్లమచ్చ చూపించాడు.

"ఈయన ఇచ్చిన మాత్తిరకు నా ఎముక చచ్చిపోయినాది. మీరూ అదే తింటా వుండారు. ఒకేసారి నిలిపేయగూడదు, డాక్టరమ్మ కాడికి పొయ్యి చూపించుకోండి" అన్నాడు.

పెద్దాయన అతన్ని వదిలి నా వైపు చూశాడు. బుగ్గలు గుండ్రంగా నిండిన మొహం. "అట్లనా కాంపౌండరూ?" అని అడిగాడు.

"అవును" అన్నాను.

ఆ పొద్దు నాలుగు వాకిళ్ళలో నిలబడి నాలుగుసార్లు ఆ మాట అన్నాను.